వాగుగారి నీటి వంతు

ఇకమీదట వాగులకు కూడా హక్కులుంటాయని భీమరాజుగారు దుబాయ్ కరామాలోని ఒక హోటల్ మేడమీద ప్రకటించారు. ప్రకటన పూర్తయితే గాని బిర్యానీ రాదని ముందే తెలియడం వల్ల సభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

భీమరాజుగారిది కోనసీమ. అల్ ఖూజ్‌లో ప్లాస్టిక్ పైపుల గోడౌన్ ఉంది. ప్రవాస తెలుగు సమితికి అధ్యక్షులు. స్వరాష్ట్రంలో ఏదైనా సలహాదారు పదవి ఇస్తే స్వీకరించి ప్రజలను ఆదుకుందామని ఎన్నాళ్లుగానో సిద్ధంగా ఉన్నారు. ప్రజలే ఇంకా సిద్ధపడలేదు.

ఆయన చేసిన పని మాత్రం నిజంగా మంచిది. హజర్ కొండల్లో ఒక వాగు ఎండిపోతోంది. ఊటనీళ్లన్నీ పాతకాలపు కాలువలో పడి, వంతులవారీగా ఖర్జూర తోటలకు పోతున్నాయి. అందులో ఒక ముసలి అరబ్బు రైతు వంతును భీమరాజుగారు లీజుకు తీసుకున్నారు. "వంతు నీది, నీ ఇష్టం," అన్నాడు రైతు. ఆ నీటిని తోటకు పోనివ్వకుండా వాగులోకే వదిలిపెట్టే పని తోట పనివాడు ఆశన్నకు అప్పజెప్పారు.

చలికాలం వచ్చేసరికి వాగులో రెల్లు చిగిర్చింది. తూనీగలు వచ్చాయి. పైన ఊటగుంటలో దాక్కున్న వేలెడు చేపలు కిందికి దిగాయి. వాటిని చూసిన రోజు భీమరాజుగారు ప్యాంటు మడుచుకుని నీళ్లలో నిలబడ్డారు. చేపలు కాలివేళ్లు కొరుకుతుంటే చక్కిలిగిలితో పడీపడీ నవ్వారు.

"ఆశన్నా, ఇవన్నీ మనవే కదయ్యా?"

"మనయెట్లయితయ్ సార్? వాగుయి."

"అదేనయ్యా. వాగు మనదేగా!"

ఇంతలో పెట్టుబడుల కోసం మన జలవనరుల మంత్రిగారు దుబాయ్ వస్తున్నారని తెలిసింది. వాగును వారు స్వయంగా ప్రారంభించాలని భీమరాజుగారు కోరారు. ఆయన ఆఫీసులోనే పనిచేసే సమితి కార్యదర్శి మాలతి వీడియో పంపింది. వెంటనే మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది, కుళాయి లీకయినట్టుంది? మంత్రిగారి స్థాయికి కాస్త వరదన్నా ఉండొద్దూ?"

భీమరాజుగారు వెంటనే ఆశన్నను పిలిచారు. "మంత్రిగారు వచ్చేదాకా నీళ్లు వదలకు. తోట తొట్టిలో నిలవెయ్యి. ఆయన బటన్ నొక్కగానే మొత్తం ఒక్కసారి వదిలెయ్యాలి."

"అప్పటిదాంక వాగు ఎండిపోతది సార్. పానీ ఖలాస్ అయితే చేపలు గూడ ఖలాస్."

భీమరాజుగారి మనసు చివుక్కుమంది. కాలివేళ్లు గుర్తొచ్చాయి.

"ఛ, చంపుతామా ఏంటయ్యా! ప్రాజెక్టు అన్నాక నిర్వాసితులు తప్పరు. పునరావాసం కల్పిద్దాం."

చేపలకు ఖర్జూర చెట్టు నీడన ఒక నీలం డ్రమ్ము కేటాయించారు.

ప్రారంభోత్సవం రోజున ఎర్ర తివాచీ పరిచారు. మంత్రిగారు నల్లకళ్లద్దాలు సర్దుకుని బటన్ నొక్కారు. ఆ బటన్‌కు వైరు లేదు. ఆశన్న తొట్టి తూము పలక ఎత్తాడు. నీళ్లు హోరున దూకి తివాచీనీ, ముందువరస కుర్చీలనూ, పీఏగారి బూట్లనూ తీసుకుని వెళ్లిపోయాయి. జనం ఈలలు వేశారు. మంత్రిగారు చలించిపోయి మైకు అందుకున్నారు.

"ఎన్ని నీళ్లు! ఇవన్నీ ఇన్నాళ్లూ ఎవరికీ పనికిరాకుండా వృథాగా కిందికి పోతున్నాయా? నా కడుపు తరుక్కుపోతోంది. మాటిస్తున్నాను, ఇకమీదట ఒక్క చుక్క కూడా కిందికి పోనివ్వను!"

చప్పట్లతో కొండలు మారుమోగాయి.

"కిందికి పోవడమే కదండీ మన ప్రోగ్రాము?" మాలతి భీమరాజుగారి చెవిలో అడిగింది.

ఆయన చప్పట్లు ఆపలేదు. నీళ్లవైపు చూస్తూనే కొడుతున్నారు. మంత్రిగారు వచ్చి భుజంమీద చెయ్యి వేశారు.

"ఇక్కడో అడ్డకట్ట, పక్కనే బాటిళ్ల ప్లాంటు పెట్టండి భీమరాజుగారూ. నీటి విలువ తెలిసిన మీలాంటివారే మాకు సలహాదారుగా ఉండాలి. పైపులు ఎక్కడ దొరుకుతాయంటారు?"

"మన గోడౌన్‌లోనే ఉన్నాయండి," అనేశారు భీమరాజుగారు. అన్నాక ఒకసారి తన కాళ్లవైపు చూసుకున్నారు.

కార్లు కదులుతుంటే ఆశన్న పరుగెత్తుకొచ్చాడు.

"సార్, డ్రమ్ముల చేపలున్నయి. యాడ ఇడవాలె?"

భీమరాజుగారు కారు అద్దం దించారు. "వాగులో వద్దయ్యా, పాపం," అన్నారు.

ఇప్పుడా చేపలు అల్ ఖూజ్ ఆఫీసులో, రిసెప్షన్ పక్కన అద్దాల తొట్టిలో ఉన్నాయి. సలహాదారుగారు రోజూ వచ్చీరాగానే స్వయంగా మేత వేస్తారు. ఎవరూ చూడకపోతే ఒక వేలు నీళ్లలో ముంచి కాసేపు ఉంచుతారు. తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా మాలతి ప్లాంటు నుంచి వచ్చిన కొత్త బాటిల్ మూత తీసి పోస్తుంది. బాటిల్ మీద వాగు బొమ్మ చాలా బాగా వచ్చింది.