మెత్తబడే గోడ

ఆ తాసిల్దారు ఆఫీసుకు గోడలు లేవు, గుమాస్తాలే గోడ. కాళ్లకు కాళ్లు ఆనించి, ఒకరి మీద ఒకరు, రెండు వరుసలుగా పడుకుని ఉంటారు. బయటి వరుస తలలు వీధి వైపు, లోపలి వరుస తలలు తాసిల్దారు వైపు. జనానికి కనిపించేది తలకాయలే. ఎండ నలభై ఒక్క డిగ్రీలు దాటితే వాళ్ల కాళ్లు సడలి, అటూ ఇటూ జరిగి, సందుల్లోంచి కాగితాలను పోనిస్తారు. అంతకు తగ్గిందా, చలికాలపు నెయ్యిలా పేరుకుపోతారు. సర్వీసు రూల్సులోనే ఉంది కాబట్టి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

కాశింబీకి పని పడింది జనవరిలో. ఆమె మొగుడు దస్తగిరికి కడుపులో గడ్డ. పదిహేను రోజుల్లో కోయకపోతే మనిషి దక్కడన్నారు డాక్టర్లు. ఉచితంగా కోయాలంటే తాసిల్దారు సంతకం కావాలి. పాపం, కాళ్లరిగేలా తిరిగింది. కుంపటి తెచ్చి గోడకు సెగ పెట్టబోతే, తలలన్నీ కళ్లతోనే ‘నిప్పు నిషేధం’ బోర్డు చూపించాయి.

"మే నెలలో రామ్మా," అన్నాడు కింది నుంచి మూడో తల, సీనియర్ అసిస్టెంటు పేరయ్య.

"అందాకా ఆయనుండాలి గదా సారూ!"

"ఉండకపోతే దానికి వేరే ఫారం ఉంది."

నిజానికి ఏ కాలంలోనైనా ఆ ఆఫీసును నడిపించేది చెన్నకేశవులనే బ్రోకరు. పేరయ్యకీ పక్క గుమాస్తాకీ నడుమ ఇరుక్కుని పడుకునేవాడు. ఆయన అక్కడుంటే గోడ చలికి మరీ బిగుసుకోదు, ఎండకు మరీ జారిపోదు. ఖర్మ కాలి ఆ వారమే గుండెలో కొవ్వు పేరుకుందని ఆయన్ను ఆసుపత్రికి మోసుకుపోయారు. ఆయన పడుకున్న చోటు మెల్లగా పూడుకుపోతోంది.

కాశింబీ ముందూ వెనకా చూడలేదు. ఆ సందులో చెయ్యి దూర్చింది, తర్వాత భుజం, ఆపైన మొత్తం మనిషే దూరిపోయి, తలా చేతులూ వీధి వైపు తిప్పుకుని పడుకుంది. పేరయ్య మోకాళ్లు వదులయ్యాయి.

"అబ్బ, ప్రాణానికి హాయిగా ఉందమ్మా. కదలమాక!"

కాగితం లోపలికి జారింది. సాయంత్రానికి సంతకమై నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. దస్తగిరి బతికాడు. ఆ కబురు విని కాశింబీ పడుకున్నచోటే భోరున ఏడ్చింది. అటూ ఇటూ తలలు కాస్త తడిశాయి గానీ ఆఫీసువారు అభ్యంతరం చెప్పలేదు.

ఆమె లేచిపోతే గోడ మళ్లీ బిగుసుకుంటుంది కనుక ఎవరూ వదల్లేదు. క్యూలో జనమైతే అసలే ఒప్పుకోలేదు. వారం తిరిగేసరికి ఏ కాగితం పోవాలో, ఏది ఆగాలో ఆమెకు చూడగానే తెలిసిపోతోంది.

నలభయ్యో రోజున దస్తగిరి కర్ర పట్టుకుని వచ్చాడు, పెళ్లాన్ని గోడలోంచి విడిచిపెట్టమని అర్జీ రాయించుకుని. మొగుణ్ణి చూడగానే కాశింబీకి ప్రాణం లేచొచ్చింది. కుట్లు మానాయా, మందులు మింగుతున్నావా అని అడిగింది. ఆనక అర్జీ అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది.

"వీఆర్వో సంతకం లేదు గదయ్యా."

"ఏందే కాశింబీ, నేనేనే!"

"నువ్వేనని ఎవరు రాసిచ్చారు?"

వెనక జనం తొందర పెడుతున్నారు. దస్తగిరి అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ వీఆర్వో యాడుంటాడు?"

"లోపలి వరుసలో," అంది కాశింబీ, తర్వాతివాడి కాగితానికి చెయ్యి చాస్తూ.