కదలని పిల్లలకు నూటికి నూరు

"ఇకపై మన పసిపిల్లలు తెర సాయంతో శాస్త్రీయంగా ఆడుకుంటారు!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. అంతవరకూ పిల్లలు అశాస్త్రీయంగా ఆడుకుంటున్నారన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇలాంటివి కనిపెట్టడానికే మంత్రులుంటారు.

వారం తిరక్కుండా టీచరమ్మ పనిచేసే పసిబడికి గోడంత తెర వచ్చింది. దాని నెత్తిన ఒక కెమెరా. వెలుతురు పడితే తెర కనబడదని కిటికీలు మూయించారు. గీతలు పడతాయని చెక్కదిమ్మలు బీరువాలో పెట్టి తాళం వేశారు. దుమ్ము లేస్తుందని వెనకవైపు ఇసుకగుంట చుట్టూ తాడు కట్టారు. ఆటకు అడ్డొచ్చే ఆటవస్తువులన్నీ ఆ విధంగా తొలగిపోయాయి.

కెమెరా పది నిమిషాలకోసారి ఫొటో తీసి, ఎంతమంది ఆడుకుంటున్నారో లెక్కగట్టి పైఆఫీసుకు పంపుతుంది. మొదటి వారం స్కోరు నూటికి పదకొండు.

"ఇరవై ఇద్దరూ వచ్చారండీ! ఒక్కడు కుదురుగా ఉంటే ఒట్టు, అంత ఆడారు," అని టీచరమ్మ ఫోనులో మొత్తుకుంది.

"అదేనమ్మా మీ పొరపాటు," అన్నాడు పైఆఫీసు డైరెక్టరు ఎంతో ఓపికగా. "కదిలితే ఫొటోలో మొహం చెదిరిపోతుంది. మొహం లేనివాడు రానట్టే. కుదురుగా కూర్చుని తెర చూస్తేనే ఆడినట్టు. నెలాఖరుకి తొంభై దాటకపోతే మీ బడి మూసేసి, హైవే అవతలి బడిలో కలిపేస్తాం."

నాలుగేళ్ల పిల్లల్ని లారీల మధ్య నుంచి ఏ తల్లి పంపుతుంది? ఇరవై ఇద్దరూ ఇళ్లలోనే ఉండిపోతారు. ఆ రోజు నుంచి టీచరమ్మ "కదలకండర్రా, ఆడుకోండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

"ఈ ఆట ఎప్పుడైపోతుంది టీచర్?" అని ఒక పిల్ల రోజూ ప్రాణం తీసేది. బడంతా దాన్ని పిడుగు అంటారు. "అయిపోతే వెళ్లి ఆడుకుంటాం."

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా పిడుగు తనే టీచరైపోయింది. తలా ఒక బొమ్మ ఇంటి నుంచి తెప్పించింది. గుడ్డబొమ్మలు, ప్లాస్టిక్ పాపలు, చెవి ఊడిన ఎలుగుబంటి, మొత్తం ఇరవై రెండింటినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, "కదిలారో తంతాను! ఆడుకోండి!" అని గద్దించి, జట్టునంతా వెంటేసుకుని తాడు కింద నుంచి ఇసుకలోకి దూరింది. వాళ్లను వెనక్కి పిలవబోతున్న టీచరమ్మ చేతిలో ఫోను మోగింది. స్కోరు నూటికి నూరు. ఆమె నోరు మూసుకుని తలుపు దగ్గరగా వేసింది.

మూడు రోజులు వరసగా నూరే. అన్ని బడుల్లోకీ ఫస్టు. ఆ పిల్లల్ని కళ్లారా చూడాలని మంత్రిగారు బయల్దేరారు.

పది నిమిషాలు ముందొచ్చిన డైరెక్టరు గది తలుపు తీసి కొయ్యబారిపోయాడు.

"పిల్లలేరమ్మా?"

"ఇసుకలో ఆడుకుంటున్నారండీ. పిలుస్తాను."

డైరెక్టరుది ఇరవయ్యేళ్ల అనుభవం. "వద్దు," అన్నాడు. "వస్తే కదులుతారు."

ఆ మసక చీకట్లో మంత్రిగారు నలభై నిమిషాలు ప్రసంగించారు. ఒక్కరూ ఏడవలేదు, ఒకటికి వెళ్తామని లేవలేదు. ఆయన మురిసిపోయి ముందు వరసలోని ప్లాస్టిక్ పాప బుగ్గ గిల్లి, "పెద్దయ్యాక ఏమవుతావు తల్లీ?" అని అడిగారు.

"చూశారా వినయం! పెద్దల ముందు నోరెత్తదు," అంటూ ఎలుగుబంటి మెడలో పతకం వేశారు. "నేనుండగా ఈ బడిని ఎవడు మూస్తాడో చూస్తాను!"

టీచరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే ఇరవై ఇద్దరూ దాహమని తలుపు దగ్గరకొచ్చారు. ఒంటినిండా ఇసుక. గుమ్మంలో నిలబడ్డ గన్‌మాన్ పిడుగు భుజం పట్టి వెనక్కి నెట్టాడు.

"ష్! గోల చెయ్యకండి, పొండి. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు."

టీచరమ్మ పిల్లలవైపు ఒక అడుగు ముందుకేసింది. డైరెక్టరు ఆమెవైపు చూశాడు. ఆమె ఆగి, మంత్రిగారి వెంట వచ్చినవాళ్లందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.