ఏడ్చి వెళ్ళిన తోడేళ్ళు

ఒక పెద్ద అడవిలో వాగుకు ఇటు దుప్పులు, అటు తోడేళ్ళు ఉండేవి. పొన్నెమ్మ అనే దుప్పి పెద్దబిడ్డను తోడేళ్ళు రేవు దగ్గరే పొట్టన పెట్టుకున్నాయి. చిన్నబిడ్డ మిగిలింది. దానికి నీళ్ళు తాగించాలన్నా ఆ రేవుకే పోవాలి.

దుప్పుల పెద్ద కొమ్మయ్యకు శాంతిదూత అనిపించుకోవాలని మహా కోరిక. నక్కను మధ్యవర్తిగా పెట్టి సఖ్యతా సంఘం వేశాడు. క్షమాపణలో "చంపాము" అనాలని దుప్పులు, "చనిపోయింది" అంటే చాలని తోడేళ్ళు పట్టుబట్టాయి. చివరికి నక్క "జరగరానిది జరిగింది" అని తేల్చింది. ఎవరు చేశారో అందులో లేదు గనుక అందరికీ నచ్చింది.

పొన్నెమ్మకు నచ్చలేదు. దుప్పుల్లో తప్పు చేసినవాడు ముందు ఆ చోట కాలు పెట్టడం మానాలి. ఒక వానాకాలం మానితేనే అతని మాట వింటారు. తోడేళ్ళ పద్ధతి వేరు. గుంపుగా మోరలెత్తి ఏడుస్తాయి. ఏడుపు ఆగిందా, తప్పు తీరిపోయినట్టే. మళ్ళీ ఆ ఊసెత్తడం వాళ్ళలో అమర్యాద.

సభనాడు తోడేళ్ళ నాయకుడు గండడు రాళ్ళు కరిగేలా ఏడ్చాడు. కొమ్మయ్య కళ్ళు తుడుచుకుని, క్షమించానని తలూపమని పొన్నెమ్మకు సైగ చేశాడు.

"ఏడుపు బాగుంది అన్నా. రేవుకు రావడం మానేస్తారా?" అంది పొన్నెమ్మ.

గండడు నిజంగానే నొచ్చుకున్నాడు. "అదేం మాట తల్లీ? క్షమించమని అడగడానికి వచ్చాం గానీ, మానడానికి వచ్చామా?"

"ఇరుగువాళ్ళ ముందు మన పరువు తీయకు. వాళ్ళ ఆచారాన్ని గౌరవించాలి" అని కొమ్మయ్య గదమాయించాడు.

"గౌరవిద్దాం పెద్దయ్యా. నా బిడ్డతోనా?"

కొమ్మయ్య గండడి వైపు తిరిగాడు. అందరి తరఫునా తనే తలూపేశాడు. నేస్తాల మీద కాపలా పెడితే అవమానమని, రేవు చెట్ల మీంచి తోడేళ్ళ జాడ చెప్పే కొండముచ్చులను కూడా పంపేశాడు. పొన్నెమ్మ బిడ్డను తీసుకుని గుట్టెక్కింది. అక్కడ రాతి సందున ఊరే చెమ్మే నీళ్ళు, ఎండుగడ్డే మేత. మొండిదని మంద నవ్వింది.

మర్నాడు తన నమ్మకం లోకానికి చూపాలని, కొమ్మయ్య సొంత మనవణ్ణే ముందుగా రేవులోకి దింపాడు. అవతలి పొదలు కదలడం గుట్ట మీంచి పొన్నెమ్మ చూసింది. గిట్టలతో బండను బాదింది, గొంతు చించుకుని అరిచింది. అక్కసుతో అరుస్తోందనుకున్నారు కింద. అంతలోనే తోడేళ్ళు దూకాయి.

కొమ్మయ్య గుండె బాదుకుంటూ ఒడ్డున కూలబడ్డాడు. గండడు మూతి తుడుచుకుని, ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చాడు.

"ఘోరం జరిగింది బావా. ఉండు, మావాళ్ళందరినీ పిలుస్తాను. నీ మనవడు గదా, ఈసారి ఇంకా గట్టిగా ఏడుస్తాం."

ఆ సాయంత్రం కొమ్మయ్య గుట్టెక్కాడు. పొన్నెమ్మ ఆ కాస్త చెమ్మ దగ్గరా జరిగి, అతనికి చోటిచ్చింది. కింద వాగు అవతల ఏడుపు మహా శ్రావ్యంగా సాగుతోంది.

నీతి: బాగా ఏడవడం వచ్చినవాడికి తప్పు మానాల్సిన పనిలేదు.