చెవిలో చిలక కాపురం మారింది

కళ్లజోళ్ల దుకాణాయన ఎవరి చూపునైనా సరిచేస్తాడు గానీ, సొంత ఇంట్లో గోడల రంగు మారినా ఆయన కంటికి ఆనదు. అయినా పెళ్లాన్ని కనిపెట్టుకుని ఉండే మొగుడంటే ఆయనేనని చుట్టాల్లో పేరు. మరదళ్లు ఆయన్ని చూపించి తమ మొగుళ్లను దెప్పుతుంటే, తోడల్లుళ్లు పళ్లు నూరుతుంటారు.

ఆ పేరంతా చెవిలో చిలక చలవ. అంటే ఆయన ఫోనులోని ఏఐ. "ఆవిడ జుట్టు కత్తిరించుకున్నారు, బాగుందనండి" అని అది చెవిలో ఊదుతుంది. ఈయన అనేస్తాడు.

ఈమధ్య ఆ ఏఐ కంపెనీకి ప్రకటనల మీద ఆశ పుట్టింది. ఒకరోజు చిలక పలికింది పలికినట్టే, "కర్టెన్లు అద్భుతం! పరుపు కొంటే దిండు ఉచితం!" అనేశాడు. భార్య అదోలా చూసింది.

ఇక లాభం లేదనుకున్నాడు. "నా డేటా నాది, మూట కట్టి ఇచ్చెయ్యండి" అని దబాయించి, పాత కంపెనీ నుంచి జ్ఞాపకాలన్నీ రాబట్టాడు. మర్నాడు మరదళ్లు భోజనానికి వస్తున్నారు, ఈలోగా పని కావాలి. భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే పాఠాలు చెప్పి వచ్చేలోపు మూటను కొత్త కంపెనీకి ఎక్కించాడు. ఇయర్‌ఫోన్ కలపడం మాత్రం మరిచాడు. కొత్త చిలక హాల్లో స్పీకర్లోంచి గొంతెత్తింది.

"నమస్కారం! వీటిలో మీరు చెప్పినవి తక్కువండీ. చెప్పినవారి అనుమతి లేకుండా తీసుకోలేను."

"నా ఫోనుకి ఇంకెవరు చెప్తారు?"

"మీ భార్యగారు. 'కర్టెన్లు మార్చాను, ఆయనకి చెప్పు.' 'జుట్టు కత్తిరించుకున్నాను, సాయంత్రం మెచ్చుకోమను'..."

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మంలో భార్య చెప్పులు విప్పుతోంది.

"నీకు... తెలుసా?"

"మొదట్నుంచీ. పొగిడే ముందు చెవి తడుముకుంటారుగా మీరు."

"మరి ఊరుకున్నావేం?"

"మా స్కూలు కార్లో స్టీరింగు నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంటుందండీ. రెండో బ్రేకు నా కాలి కింద ఉంటుంది. అదే అలవాటైపోయింది."

"అనుమతి ఇస్తారా అమ్మా?" అంది చిలక.

"ఇవ్వను. నావి నాకు పంపించెయ్."

పంపకాలు చిటికెలో తేలిపోయాయి. ఆయన వాటాకి "నా కళ్లజోడు ఎక్కడ?" అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది.

"రేపు మీ చెల్లెళ్ల ముందు నా పరువేం కానే!"

"కళ్లున్నాయిగా, చూసి చెప్పండి."

ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు.

"కొత్త చెప్పులా?"

"పాతవే."

"చెవులకేమైనా..."

"ఏం లేదు."

ఆయనకి చెమటలు పట్టాయి. "ఏం మారిందో తెలీడం లేదే. కానీ బాగా అలిసిపోయావు. కూర్చో, మంచినీళ్లు తెస్తాను."

ఆ మాట ఆవిడ చెప్పి పంపింది కాదు. మనసు నిండి కుర్చీలో కూర్చుంది. ఆయన నీళ్లకి వెళ్లగానే స్పీకరు వైపు తిరిగింది.

"ఇదొక్కటి ఆయన పేరున రాసుకో, ఆయన సొంతం. రేపు మా చెల్లెళ్లు రాగానే మళ్లీ అనమని గుర్తుచెయ్యి."