ముందు పౌడరు, పైన క్రీము

మనిషి కనిపెట్టిన వాటిలో చక్రం గొప్పదా, కరెంటు గొప్పదా అని పెద్దలు తెగ వాదించుకుంటారు. నన్నడిగితే రెండూ కావు. క్రీము మేకప్పా, పౌడరు మేకప్పా అన్న తగాదా ఉంది చూశారూ, దాన్ని మించిన గొప్ప ఆవిష్కరణ లేదు! నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

లాభాలు మీరే చూడండి. ఈ తగాదా పుణ్యమా అని పొద్దున్నే ఆడవాళ్లకు గంటసేపు చేతినిండా పని. ఆ గంటా ఖాళీగా వదిలేస్తే ఏం చేస్తారు? పేపరు చదువుతారు. చదివాక ఆలోచిస్తారు. ఆలోచించాక ప్రశ్నలడుగుతారు! ఒక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు కాఫీ వేళకే ప్రశ్నలు మొదలుపెడితే లోకం ఏమైపోవాలండీ?

మా ఇంట్లో ఉన్నది సరిగ్గా ముగ్గురమే. అద్దం మాత్రం ఒక్కటే.

మా అమ్మది పౌడరు పార్టీ. ఆవిడ రిటైరైన టైపిస్టు. ముప్పై ఏళ్లుగా ఒకటే రకం డబ్బా, ఒకటే పఫ్. ఆ పఫ్‌కి బొచ్చంతా రాలిపోయి ఇప్పుడు గుండీలా తయారైంది. అయినా మార్చదు. "ముఖమన్నాక పొడిగా ఉండాలే. క్రీము పూసుకుంటే ఏముందీ, జిడ్డు మూకుడు!" అంటుంది.

మా చెల్లెలిది క్రీము పార్టీ. స్టిక్కుతో బుగ్గ మీద రెండు గీతలు, వేలితో నాలుగుసార్లు తట్టడం, అంతే. "పౌడరు గోడలకమ్మా, సున్నం కొట్టినట్టు. క్రీమైతే చర్మంలో కలిసిపోతుంది," అంటుంది.

ఇక నేను. అమ్మ బాధపడకుండా నుదుటికి పౌడరు, చెల్లెలు అలగకుండా బుగ్గలకు క్రీము. మధ్యలో నా ముక్కు ఎటూ తేల్చుకోలేక దానిపాటికది మెరుస్తూ ఉంటుంది.

ఈ తగాదా మా బంధుత్వాలను ఎంత బలపరిచిందో చెప్పలేను. ఏడాదికోసారి కూడా ఫోన్ చేయని మేనత్త పౌడరుకి మద్దతు ప్రకటించడానికి రెండుసార్లు ఫోన్ చేసింది. పక్కింటి టైలరమ్మ నోరు జారి క్రీము బావుంటుందనగానే అమ్మ బట్టలన్నీ వేరే టైలరు దగ్గరికి వెళ్లిపోయాయి. మా పిన్ని క్రీములోంచి పౌడరులోకి ఫిరాయించిందని తెలిసిన రోజు అమ్మ సంబరం చూడాలి! ఆ పూట వంట చేయడమే మర్చిపోయింది.

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలోకి చెల్లెలి ప్రమోషన్ వచ్చి పడింది.

మా చెల్లెలు లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. పదకొండేళ్ల సర్వీసు. లిఫ్టు కదిలిన చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తుంది. ఈమధ్య దాని ఆఫీసులో చీఫ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఖాళీ అయితే ఇంటర్వ్యూకి ఇద్దర్నే పిలిచారు: ఒకటి మా చెల్లెలు, రెండోది దాని పక్క సీటాయన. ఆ పోస్టు కోసం అది ఎంత ఆశపడిందో నాకు తెలుసు. నిద్రలో కూడా బ్రేకులు, తీగలు అని కలవరించేది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఇంట్లో యుద్ధం. "పెద్ద పోస్టుకి వెళ్తూ ఆ జిడ్డేమిటే? హుందాగా పౌడరు అద్దుకో!" అని అమ్మ. "నాకు నచ్చినట్టు వెళ్తానమ్మా, వదిలెయ్యి!" అని చెల్లెలు. బస్సుకి ఇరవై నిమిషాలే ఉంది. తాడోపేడో తేల్చేద్దామని నేను తీర్పు చెప్పాను. రెండూ రాసుకోవాలి! మరి ముందు ఏది? పెద్దవాళ్లకు ముందు మర్యాద కదా! అంచేత ముందు అమ్మ పౌడరు, దాని పైన చెల్లెలి క్రీము.

తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకునే ఉంటారు. తెలియనివాళ్లకు మనవి: క్రీము కింద ఉండాలి, పౌడరు పైన ఉండాలి. తిరగేస్తే రెండూ కలిసి ఉండలు కడతాయి. ఐదు నిమిషాల్లో మా చెల్లెలి ముఖం పాత ప్రహరీగోడలా పెచ్చులు లేచింది. నవ్వితే ఒక పెచ్చు రాలింది, తిడితే నాలుగు రాలాయి!

"అక్కా, వచ్చాక నీ పని చెప్తానుండు!" అని అరుస్తూ అది సబ్బుతో బరబరా రుద్దుకుని, ఆ ముఖంతోనే బస్సెక్కింది. కడిగిన ముఖం! ఉత్త ముఖం! పుట్టినప్పటి నుంచి దాని మెడ మీద ఉన్న ముఖం!

సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడట, "ఒంట్లో బాగోలేదామ్మా?" అని. రిసెప్షన్ అమ్మాయి అడిగిందట, "జ్వరమా మేడమ్?" అని. ఏడో అంతస్తు చేరేలోపు తొమ్మిది మంది పరామర్శించారట. ఆ గోలలో కూడా లిఫ్టు నాలుగో అంతస్తు దాటుతున్నప్పుడు కీచుమన్న చప్పుడు దాని చెవిన పడింది.

లోపలికి వెళ్లగానే అదే చెప్పింది. "సార్, మన లిఫ్టు బ్రేకు అరిగిపోయింది. వెంటనే ఆపించాలి."

పెద్దాఫీసరు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. "ముందు మీరు కూర్చోండమ్మా. బాగా నీరసంగా కనిపిస్తున్నారు. ఈ పోస్టులో తిరుగుడు ఎక్కువ, మీరు తట్టుకోగలరా?"

అంతే ఇంటర్వ్యూ. బ్రేకు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత పక్క సీటాయన వంతు. పాపం, ఆయనకు ఆ రోజు నూటరెండు జ్వరం. కళ్లు ఎర్రగా, ముక్కు కారుతూ, అడిగిన ప్రతి ప్రశ్నకూ ముందు తుమ్మి తర్వాత జవాబు చెప్పాడట. ఆఫీసర్లు కరిగిపోయారు. "పని ధ్యాసలో పడి ఆరోగ్యం కూడా పట్టించుకోడు!" అని మెచ్చుకుని పోస్టు ఆయనకే ఇచ్చేశారు. ఈ మాట ఆయనే మొహమాటపడుతూ మా చెల్లెలికి చెప్పాడు.

అమ్మ అంతా విన్నది. చేతిలోని పఫ్ తీసి బల్ల మీద విసిరికొట్టింది. "మగాడు తుమ్మితే కష్టజీవా? నా కూతురు ముఖం కడుక్కుంటే రోగిష్టిదా?"

చూశారా! నేను ముందే చెప్పలేదూ? తగాదా ఆగీ ఆగగానే మా ఇంట్లో ప్రశ్నలు మొదలైపోయాయి!

సోమవారానికి కొత్త చీఫ్ మంచం మీంచి లేవలేకపోయాడు. నిజంగా ఒంట్లో బాగోలేనిది ఆయనకే కదా మరి! ఆయన కోలుకునేదాకా చార్జి మా చెల్లెలికి అప్పగించారు. అద్దం వైపు కూడా చూడకుండా ముఖం కడుక్కుని బయల్దేరింది. అమ్మ మాత్రం దాని బ్యాగులో పౌడరు డబ్బా, క్రీము స్టిక్కు రెండూ పెట్టింది. "నీకు కాదులే. ఎవరికైనా అవసరం పడుతుందేమో," అంది.

ఆఫీసుకి వెళ్లగానే అది చేసిన మొదటి పని సొంత ఆఫీసు లిఫ్టుకే సీలు వేయడం. మెకానిక్ విప్పి చూస్తే బ్రేకు కాగితమంత పల్చగా అరిగి ఉంది. బాగయ్యేదాకా అందరికీ మెట్లే గతి.

పెద్దాఫీసరు కూడా ఎక్కాడు. ఏడంతస్తులు! పైకి చేరేసరికి ముఖం పాలిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది, నోట మాట రావడం లేదు. తొమ్మిది మంది ఒకరి తర్వాత ఒకరు లేచి అడిగారు, "ఒంట్లో బాగోలేదా సార్?"

మా చెల్లెలు ఎంతో ఆప్యాయంగా మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. "ముందు మీరు కూర్చోండి సార్. బాగా నీరసంగా కనిపిస్తున్నారు. ఈ పోస్టులో మెట్లెక్కుడు ఎక్కువ, మీరు తట్టుకోగలరా?"

అని, బ్యాగు తెరిచి, డబ్బా ఒకటి, స్టిక్కు ఒకటి ఆయన ముందు పెట్టింది.

"మీ ఇష్టం సార్, రెండూ ఉన్నాయి. ముందు ఏది రాసుకోవాలో మాత్రం మా అక్కనడక్కండి!"