వంటింటి మెట్ల మీద కుదిరిన సంబంధం

ఆ ఉదయం లేడీ ఉర్సులా ఫలహారం బల్ల దగ్గర కూర్చుని ఉడికించిన గుడ్డు పెంకు పగలగొట్టగానే, పైకప్పు నుంచి ఒక వాన చుక్క జారి సరిగ్గా గుడ్డులో పడింది. ఆమె తలెత్తి కూడా చూడలేదు. థార్న్‌బీ హాలుకు కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఏ గాలికి ఏ గది కారుతుందో ఆమెకు కంఠతా వచ్చు. గుడ్డును పక్కకు జరిపి కొడుకు వంక చూసింది.

"పెర్రీ, ఇవాళ టీ తాగాక గులాబీ తోటలోకి తీసుకెళ్ళి ఆ పిల్లని అడిగెయ్. ఇక నాన్చకు."

పెర్రీ అంటే సాక్షాత్తూ థార్న్‌బీ ఎర్ల్. తండ్రి పోయాక ప్రభువు అయ్యాడు గానీ, గుర్రపుశాల వెనక తేనెటీగలు పెంచుకోవడం తప్ప ఇంకో ఆశ లేని మనిషి. తేనెటీగలతో గంటల కొద్దీ మాట్లాడతాడు. ఆడపిల్ల ఎదురుపడితే మాత్రం నోరు పెగలదు.

"అడుగుతానమ్మా. ఏమని మొదలెట్టాలో..."

"ఏమీ అనక్కర్లేదు. మోకాలు వంచు. మిగతాది ఆ పిల్లే చూసుకుంటుంది. అమెరికా వాళ్ళకి చొరవ ఎక్కువ."

"తోటంతా బురదగా ఉందమ్మా."

"నీ మోకాలికి బురద అంటుతుందని నువ్వు కూర్చుంటే, నా నెత్తిన సున్నం రాలుతుందిరా నాయనా!"

ఆ పిల్ల పేరు లూవెల్లా బ్రంకర్. ఊరు సిన్సినాటి. తండ్రి పంది మాంసం ఉప్పువేసి, పొగబెట్టి, హామ్ అమ్మి కోట్లు గడించి కన్నుమూశాడు. ఆస్తి అంతా కూతురి పేర రాశాడు, పెళ్ళినాడు చేతికొస్తుంది. భార్యకు మాత్రం బట్టలకూ టోపీలకూ సరిపడా భరణం. ముసలి రాణిగారి కాలంలో ఇలాంటి పిల్లలు ఓడలకు ఓడలు దిగేవారు. వాళ్ళకు బిరుదులు కావాలి, మా దొరలకు కారని ఇంటి కప్పులు కావాలి. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

అయితే లేడీ ఉర్సులా ఒక అతితెలివి పని చేసింది. మిసెస్ బ్రంకర్ కళ్ళు చెదరాలని, తన చిన్ననాటి స్నేహితుడు వెక్స్‌కోమ్ డ్యూక్‌ను కూడా అదే వారం అతిథిగా పిలిచింది. ఎర్ల్ కన్నా డ్యూక్ రెండు మెట్లు పైన. పోతే ఈయనకు డెబ్బై దాటాయి, భార్య పోయి చాలాకాలమైంది, సూప్ తాగుతూ కునుకు తీస్తాడు. ఇంటికి అలంకారంగా ఉంటాడే తప్ప ప్రమాదమేమీ లేదని ఆమె లెక్క. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఆమె వినలేదు, పాపం.

ఇక కింద పనివాళ్ళ భోజనశాల సంగతి చెప్పాలి. పైన ఎన్ని మర్యాదలున్నాయో కింద అంతకు రెండింతలు. అతిథులతో వచ్చిన నౌకర్లకు అక్కడ సొంత పేర్లు ఉండవు. యజమాని పేరే నౌకరు పేరు, యజమాని హోదాయే నౌకరు హోదా. అందుకని డ్యూక్ గారికి బట్టలు తొడిగే టోబిట్ కింద "డ్యూక్ గారు." అందరికన్నా ముందు అతనికే వడ్డిస్తారు. లూవెల్లా జుట్టు దువ్వే నోరా "మిస్ బ్రంకర్." ఈ ఆచారం మా దొరలందరికీ తెలుసు. అమెరికా వాళ్ళకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే అతిథి దొరసాని వంటింటి మెట్లు దిగడమనేది రాత్రి చొక్కాతో చర్చికి వెళ్ళినంత పని.

మిసెస్ బ్రంకర్ దిగింది. కానుకగా తెచ్చిన తమ హామ్‌ను ఈ ఇంగ్లీషు వంటమనిషి ఉడకబెట్టి పాడుచేస్తోందని ఆవిడకు గట్టి అనుమానం. సగం మెట్లు దిగేసరికి వంటమనిషి మిసెస్ పిన్నక్ గొంతు ఖంగుమంది. బట్లర్ హాబ్డేతో చెబుతోంది.

"విన్నారా, హాబ్డే గారూ? నిన్న సాయంత్రం గుర్రపుశాల వెనక డ్యూక్ గారు మిస్ బ్రంకర్‌ని పెళ్ళి చేసుకుంటావా అని అడిగేశారట!"

"అబ్బో! ఆవిడేమంది?"

"ఏమంటుంది? అడగడమే తరువాయి, సరేనందట. ముద్దు కూడా పెట్టిందట, మా పాలమనిషి కళ్ళారా చూసింది."

మిసెస్ బ్రంకర్ రెయిలింగు పట్టుకుని అక్కడే కూలబడింది. హామ్ సంగతి మళ్ళీ గుర్తు రాలేదు. ఎర్ల్ కోసం సముద్రం దాటి వస్తే డ్యూక్ దొరికాడు! ముసలాయనే, కానీ బిరుదుకు ముడతలు పడవు కదా.

ఆవిడ నేరుగా కూతురి గదికి వెళ్ళి తలుపు వేసింది.

"లూవెల్లా, నాకు అంతా తెలుసు. గుర్రపుశాల వెనక సంగతి."

లూవెల్లా మొహం ఎర్రబడింది. ఎర్రబడక ఏం చేస్తుంది? నిన్న సాయంత్రం పెర్రీ తేనెటీగలు చూపిస్తానని తీసుకెళ్ళి, ఒక్క మాట కూడా అనకుండా చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కూడా వదిలించుకోలేదు. సిన్సినాటిలో ఆమెతో వాగిన కుర్రాళ్ళందరి మాటల కన్నా ఆ మౌనం ఆమెకు నచ్చింది.

"కోపంగా ఉందా అమ్మా?"

"కోపమా! బంగారం లాంటి సంబంధం!"

"మాటలు బొత్తిగా తక్కువ అనుకో."

"ఆ హోదాకి మాటలెందుకే పిచ్చిదానా! నువ్వేం హడావుడి చెయ్యకు. ఆయన నోటితోనే అందరి ముందూ చెప్పిస్తాను."

మధ్యాహ్న భోజనం దగ్గర మిసెస్ బ్రంకర్ డ్యూక్ పక్కన చేరి ఆయన తుండుగుడ్డ సర్దింది, మాంసం ముక్కలు కోసి పెట్టింది, భుజం మీద శాలువా కప్పింది. భార్య పోయాక ఆయనకు మాంసం కోసి పెట్టిన వాళ్ళు లేరు. ఆ పూట ఆయన కునుకు తీయలేదు. బల్లకు ఆ చివర లేడీ ఉర్సులాకు మాత్రం ముద్ద దిగలేదు.

గదికి వెళ్ళగానే డ్యూక్ అద్దం ముందు నిలబడి మీసం సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే టోబిట్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. బట్టల నౌకరు పెళ్ళాడాలంటే యజమాని అనుమతి కావాలి మరి.

"దొరా, పెళ్ళి సంగతి ఒకటి తమతో మనవి చేద్దామని..."

"ఆఁ! అప్పుడే నీ దాకా వచ్చిందా?"

"కింద అందరికీ తెలిసిపోయిందండి."

"ఏమనుకుంటున్నారు?"

"ఈడూ జోడూ బాగుందంటున్నారండి."

డ్యూక్ నడుము కాస్త నిటారుగా అయింది. "మరి ఆవిడ మాటేమిటి? ఒప్పుకుంటుందంటావా?"

"ఎప్పుడో ఒప్పుకుందండి. తమరు ఊఁ అనడమే ఆలస్యం."

"ఊఁ!" అన్నాడు డ్యూక్. టోబిట్ ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నౌకరుకు తన మీద ఇంత ప్రేమ ఉందని డ్యూక్‌కు ఆనాటి దాకా తెలియదు.

టీ వేళకు మిసెస్ బ్రంకర్ కూడా ఆయన చెవి దగ్గరికి వంగింది. "డ్యూక్ గారూ, ఇంకా దాపరికమెందుకు? నాకు పూర్తిగా సమ్మతమే. ఈ రాత్రి భోజనాల దగ్గర చెప్పేయండి."

"మీరు ఎంత సూటిగా ఉంటారండీ!" అన్నాడు డ్యూక్ మురిసిపోతూ.

అదే సమయానికి పెర్రీ ధైర్యం కూడగట్టుకుని, కోటుకు గులాబీ గుచ్చుకుని వచ్చాడు. మిసెస్ బ్రంకర్ గుమ్మంలోనే అడ్డు నిలిచింది.

"అమ్మాయి కోసమా? ఆలస్యమైపోయింది నాయనా. దానికి డ్యూక్ గారితో కుదిరింది. మనసులో పెట్టుకోకు."

పెర్రీ గిరుక్కున వెనుదిరిగాడు. నేరుగా తేనెటీగల దగ్గరికి వెళ్ళి, వల ముసుగు కూడా వేసుకోకుండా పెట్టె మూత తీశాడు. అతని తల్లికి ఈ వార్త గుమ్మం దగ్గర ఆ మాటలు విన్న హాబ్డే ద్వారా చేరింది. ఆవిడ సోఫాలో వాలిపోయి, "నా కప్పు! ఆ రోడెరిక్‌ని నేనే పిలిచి నా కప్పును ఒప్పగించానే!" అని గుండెలు బాదుకుంది. రోడెరిక్ అంటే డ్యూక్.

లూవెల్లా వెతుక్కుంటూ వెళ్ళేసరికి పెర్రీ ముక్కు బీట్‌రూట్ దుంపలా వాచి ఉంది.

"డ్యూ... డ్యూక్‌తో నీ పెళ్ళికి నా శుభాకాంక్షలు," అన్నాడు.

"ఏ డ్యూక్? ఆ సూప్‌లో నిద్రపోయే ఆయనా? నీకేమైనా మతి పోయిందా? మా అమ్మ నీ గురించే బంగారం లాంటి సంబంధం అంది!"

"నన్ను గుమ్మంలోనే ఆపేసింది లూవెల్లా."

లూవెల్లా ఇంట్లోకి పరుగెత్తింది. గదికి వెళ్ళి అద్దం ముందు కూర్చుంటే, వెనక జుట్టు దువ్వుతున్న నోరా ముసిముసిగా నవ్వుతోంది.

"నీకేమొచ్చిందే ఇంత సంతోషం?"

"టోబిట్‌కీ నాకూ కుదిరిందమ్మా. వాళ్ళ దొరగారు కూడా ఊఁ అన్నారట. కింద ఒకటే సందడి, 'డ్యూక్ గారికీ మిస్ బ్రంకర్‌కీ పెళ్ళి' అని పాటలు కడుతున్నారు."

"మిస్ బ్రంకరా?"

"నేనేనమ్మా! కింద నన్ను మీ పేరుతోనే పిలుస్తారు. అతన్ని డ్యూక్ గారంటారు. ఎక్కడ అడిగాడనుకున్నారు? గుర్రపుశాల వెనక!"

లూవెల్లా చేతి అద్దం పక్కన పెట్టి నోరా వైపు తిరిగింది. మొదట కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి నవ్వు ఆగక దిండులో మొహం దాచుకుంది.

"మా అమ్మ వంటింటి మెట్లు దిగిందన్నమాట! నోరా, నీకు పుణ్యముంటుంది, ఈ మాట ఎవరికీ చెప్పకు. నన్ను సంతలో గేదెలా ఊళ్ళన్నీ తిప్పింది. ఈ ఒక్క పూట ఆవిణ్ని తిరగనీ."

రాత్రి భోజనానికి ఆనవాయితీ ప్రకారం డ్యూక్ ఇంటి యజమానురాలి చెయ్యి పట్టుకుని అందరికన్నా ముందు నడిచాడు. లేడీ ఉర్సులా ఆయన చెవిలో బతిమాలింది.

"రోడెరిక్, చిన్నప్పుడు చెరువులో పడితే నిన్ను బయటికి లాగింది నేనే. గుర్తుందా? ఈ పెళ్ళి మానుకో. నా కప్పు పడిపోతుంది."

"నా పెళ్ళికీ నీ కప్పుకీ సంబంధమేమిటి ఉర్సులా? నీకు అసూయ. అంతే!"

సూప్ వచ్చింది. డ్యూక్ చెంచాతో గ్లాసు కొట్టి లేచి నిలబడ్డాడు. మిసెస్ బ్రంకర్ కూతురి వీపు నిమిరి, "నిటారుగా కూర్చో" అని గుసగుసలాడింది. ఎదురుగా పెర్రీ వాచిన ముక్కుతో పళ్ళెం వంక చూస్తున్నాడు.

"మిత్రులారా! బ్రంకర్ వారి ఇంటి నుంచి ఒక మహారాణి నా ఇంటికి రావడానికి ఒప్పుకున్నారు," అన్నాడు డ్యూక్. కుర్చీ వెనక్కి నెట్టి బల్ల చుట్టూ బయల్దేరాడు. లూవెల్లా దగ్గరికి వచ్చాడు. ఆమెను దాటాడు. మిసెస్ బ్రంకర్ పక్కన ఆగి, కీళ్ళు కటకటమంటుండగా వంగి, ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

పైనుంచి ఒక చుక్క టప్పున సూప్ గిన్నెలో పడింది. మిసెస్ బ్రంకర్ కాదని చెప్పడానికే నోరు తెరిచింది. అందులో సందేహం లేదు, లోపలి పళ్ళన్నీ కనిపించాయి. అంతలో డ్యూక్ భార్యను పిలిచే "వెక్స్‌కోమ్ డచెస్" అన్న మాట ఆవిడ మనసులో మెరిసింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, చిరునవ్వుగా మారింది.

"ఇంత త్వరగా చెప్పేస్తారనుకోలేదండీ," అంది సిగ్గుపడుతూ.

"అమ్మకు డ్యూక్ కుదిరాడు గనక, నేను ఎర్ల్‌తో సర్దుకుంటాను," అంది లూవెల్లా. "పెర్రీ, మోకాలు వంచు. ఇక్కడ బురద లేదు."

పెర్రీ వంచాడు. మాట మాత్రం రాలేదు. ఎవరూ అడగనూ లేదు. లేడీ ఉర్సులా చేతి రుమాలు తడిసేలా ఏడ్చి, మొదటిసారి తలెత్తి కప్పు వంక ప్రేమగా చూసింది.

రెండు పెళ్ళిళ్ళూ ఆ వసంతంలోనే అయ్యాయి. టోబిట్, నోరాలది కలిపితే మూడు. థార్న్‌బీ హాలుకు కొత్త కప్పు పడింది. లండను నుంచి మేస్త్రీలు వచ్చి సీసపు రేకులు పరిచి, ప్రతి సందూ పూడ్చారు. ఆ తర్వాతే వెక్స్‌కోమ్ కోట సంగతి బయటపడింది. అక్కడ కప్పు కారదు. కారడానికి సగం కోటకు కప్పే లేదు. డచెస్ గారి దగ్గర ఉన్నది టోపీల భరణమే. వానలు వెలిసే దాకా ఉండి వెళతామని డ్యూక్ దంపతులు అల్లుడి ఇంటికి వచ్చారు. మా ప్రాంతంలో వానలు వెలవడమంటూ ఉండదు.

ఇప్పుడు రోజూ రాత్రి భోజనానికి డ్యూక్ కొత్త యజమానురాలు లూవెల్లా చెయ్యి పట్టుకుని ముందు నడుస్తాడు. ఆడవాళ్ళలో హోదాకు డచెస్సే పెద్ద కాబట్టి పెర్రీ అత్తగారి చెయ్యి పట్టుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో అందరికన్నా ముందు నడిచిన లేడీ ఉర్సులా, వాళ్ళందరి వెనక, చర్చిలో కొత్తగా చేరిన నత్తి పాదిరీ చెయ్యి పట్టుకుని వస్తుంది. ఎదురుగా హామ్ కోసి పెడుతూ డచెస్ గారు, "ఈ ఇల్లు ఎంత వెచ్చగా ఉందో ఉర్సులా! ఇక్కడి నుంచి కదలబుద్ధి కావడం లేదు" అంటుంది.

లేడీ ఉర్సులా సూప్ చెంచా చేత్తో పట్టుకుని కప్పు వంక ఆశగా చూస్తుంది. ఒక్క చుక్క కూడా పడదు.