పేరుకు ముందు మర్యాద

"ఇకమీదట మన సమితిలో ఆడవాళ్ల గౌరవం వాళ్ల పేరుకు ముందే మొదలవుతుంది!" అని ప్రెసిడెంటు గంగాధరప్పగారు ప్రకటించేసరికి మీటింగు హాలు చప్పట్లతో అదిరిపోయింది. పెనుకొండ దగ్గరి ఆ పంచాయతీ సమితి పేరెందుకు లెండి, 1961లోనే అంత ముందుచూపు ఉన్న మనిషికి దిష్టి తగులుతుంది.

అనసూయమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఎన్నిక లేకుండా కోఆప్టు చేసుకున్న ఒకే ఒక్క ఆడ మెంబరు ఆవిడ. వాళ్ల ఊళ్లో నర్సు లేదు. నొప్పులొస్తే పెనుకొండకు బండి కట్టాలి, దారిలోనే పురుడైనవాళ్లున్నారు. ఆవిడ కోడలికిప్పుడు ఏడో నెల. ఈ మర్యాదేదో తేలిపోతే నర్సు సంగతి అడగవచ్చని ఆశపడింది.

మర్యాద అంత సులభంగా తేల్లేదు. ఆవిడ కుర్చీకి బోర్డు రాయించాలి, పేరుకు ముందు ఏం పెట్టాలి? 'శ్రీమతి' అన్నాడు సెక్రటరీ.

"అది మొగుడుండేవాళ్లకప్పా. ఈయమ్మకు గం.భా. పెట్టల్ల" అన్నాడు మెంబరు నారాయణప్ప. "గంగా భాగీరథి అంత పవిత్రమని అర్థం. చానా పెద్ద మాట."

భర్త పోయినప్పటి నుంచి ఆ పవిత్రత వల్లే పెళ్లిపిలుపులు రాని అనసూయమ్మకు ఒళ్లు మండింది.

"నారాయణప్పా, నీ పెండ్లాం పోయి రెండేండ్లాయ. నీ పేరు ముందర ఏముండాది?"

"శ్రీ."

"ఆయమ్మ ఉన్నప్పుడు?"

"శ్రీనే."

"పెండ్లి కాకముందు?"

"అప్పుడూ అదేలేమ్మా. మగోనికి మాటిమాటికీ మారిస్తే రంగు దండగ."

"సరే, నర్సు సంగతి?"

"ముందు నీ గౌరవం తేలనీమ్మా" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఎవరి మనసూ నొప్పించకుండా తేలడానికి ఇంకో రెండు మీటింగులు పట్టాయి. హిందూపురం నుంచి పెయింటర్ సాబ్జాన్ బోర్డు తెచ్చాడు: 'గౌరవనీయురాలు, మహిళా సభ్యురాలు, శ్రీమతి'.

"పలక నిండిపాయ సార్, పేరుకు జాగా ల్యా" అన్నాడు నసుగుతూ.

"పేరుదేముందిలే, ముందరిది బ్రహ్మాండంగా ఉండాది" అని ప్రెసిడెంటుగారు మెచ్చుకున్నారు.

తరువాతి మీటింగులో మొదటి అంశమే నర్సు. కోడలికి నెలలు నిండాయి. అనసూయమ్మ గబగబా హాల్లోకి వచ్చింది. ఆ బోర్డున్న కుర్చీలో ధర్మవరం పట్టుచీర కట్టుకుని ప్రెసిడెంటుగారి భార్య జయలక్ష్మమ్మ కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఆ కుర్చీ నాది కదా!"

"బోర్డు చదువుకోమ్మా" అన్నారు ప్రెసిడెంటుగారు ఎంతో శాంతంగా. "దాంట్లో తప్పు యాడుండాదో చూపించు."

అనసూయమ్మ చదివింది. తప్పు దొరకలేదు.

ప్రెసిడెంటుగారు వినయంగా కుర్చీ వైపు తిరిగారు. "ఉండేది ఒకే నర్సు. యాడికి వేద్దామో మహిళా సభ్యురాలే చెప్పల్ల."

జయలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"మా పుట్టింటోళ్ల ఊరికి" అంది.